నల్లుల బెడద: మరల మరల వచ్చుటకు కారణములు, నిర్మూలించు మార్గములు

పగలెల్ల పనిచేసి అలసిన మనుష్యునకు రాత్రి నిద్రయే విశ్రాంతి. ఆ నిద్రను హరించు కీటకము నల్లి. దోమ చప్పుడు చేయుచు ఎగిరి వచ్చును. నల్లి చప్పుడు లేక ప్రాకి వచ్చి, రక్తము త్రాగి, తెల్లవారక మునుపే సందులో దాగును. ఒకసారి ఇంట ప్రవేశించిన పిదప దానిని పోగొట్టుట ఎంత కష్టమో అనుభవించినవారు ఎరుగుదురు. మంచము ఎండలో వేయుదురు, మందు చల్లుదురు, పరుపు పారవేయుదురు. నెల తిరుగకమునుపే మరల కాటు. ఇవి ఎక్కడనుండి వచ్చుచున్నవని విసుగు చెందుదురు.

పుదుచ్చేరి పట్టణములోని కోసపాళయము వంటి పేటలలో ఈ ప్రశ్న మరింత ముఖ్యమైనది. ఇండ్లు గోడకు గోడ ఆనుకొని యుండు చోట్ల, ఒకే కప్పు క్రింద రెండు మూడు కుటుంబములు అద్దెకుండు చోట్ల, ఒక ఇంటి నల్లి పొరుగింటికి చేరుటకు ఎక్కువ కాలము పట్టదు. పైగా ఈ పట్టణమునకు రాకపోకలు మిక్కుటము. అదే కేంద్రపాలిత ప్రాంతములో భాగమైనను 800 కిలోమీటర్లకు పైగా దూరమున, గోదావరి తీరముననున్న యానాము నుండి తెలుగువారు చదువులకును, ప్రభుత్వ కార్యములకును, జిప్మర్ ఆసుపత్రిలో చికిత్సకును వచ్చి బంధువుల యిండ్లలోను అద్దెగదులలోను బసచేయుదురు. తమిళమున నల్లిని ‘మూట్టైప్పూచ్చి’ యందురు. ‘మూట్టై’ అనగా మూట, ‘పూచ్చి’ అనగా పురుగు. మనుష్యుల మూటలతో కలసి ప్రయాణము చేయుట ఈ పురుగునకు నిజముగనే అలవాటు.

నల్లులు తిరిగి వచ్చుట ఇంటివారి సోమరితనమువలన కాదు, గ్రహచారమువలనను కాదు. పని మధ్యలో ఆగిపోవుటయే దానికి ముఖ్య కారణము. నల్లుల నిర్మూలన ఒక దినపు పని కాదు. కొన్ని వారములు లెక్క తప్పక చేయవలసిన పని. ఆ లెక్క తెలియుటకు ముందుగా నల్లి జీవితవిధానము తెలియవలెను.

నల్లి స్వరూపము

మనుష్యులను కుట్టు నల్లులలో ముఖ్యజాతులు రెండు. శీతలదేశములలో విస్తారముగా నుండు జాతికి లిన్నేయస్ అను శాస్త్రజ్ఞుడు 1758లో శాస్త్రనామ మిచ్చెను. ఉష్ణదేశముల జాతిని ఫాబ్రీషియస్ 1803లో వర్ణించెను. దక్షిణభారతమున సాధారణముగా కనబడునది ఈ రెండవ జాతి.

పెరిగిన నల్లి పొడవు సుమారు 5 మిల్లీమీటర్లు. రంగు గోధుమ, రక్తము త్రాగిన పిదప ఎరుపు. రెక్కలు లేవు, ఎగురలేదు, గెంతలేదు. అయినను వడిగా ప్రాకును. శరీరము బద్దగా నుండుటచే కాగితము దూరునంతటి సందులోనైనను దూరగలదు. ఒకసారి రక్తము త్రాగుటకు 5 మొదలు 10 నిమిషములు పట్టును.

ఆడ నల్లి దినమునకు రెండు మూడు చొప్పున, జీవితకాలమున 200 లేక అంతకు మించి గ్రుడ్లు పెట్టును. గ్రుడ్డు ఒక మిల్లీమీటరు పొడవున, ముత్యపు తెలుపున, చెక్కకో గుడ్డకో గట్టిగా అంటుకొని యుండును. వెచ్చని దినములలో ఆరు మొదలు పది దినములకు గ్రుడ్డు పగిలి పిల్ల వెలువడును. పిల్ల అయిదుసార్లు కుబుసము విడిచి పెద్దదగును. ప్రతిసారియు రక్తము త్రాగినగాని కుబుసము విడువలేదు. ఆహారము దొరకుచుండినచో గ్రుడ్డు పెట్టిననాటినుండి నెల మొదలు నెలన్నరలో పిల్ల పెద్దదై తానును గ్రుడ్లు పెట్టును. ఆహారము లేకున్నను పెద్ద నల్లి కొన్ని నెలలు బ్రదుకగలదు.

నల్లివలన కలుగు నష్టము

నల్లి రోగములను వ్యాపింపజేయునని పూర్వము పలువురు శంకించిరి. మద్రాసులో పనిచేసిన ప్యాటన్ అను వైద్యుడు 1907లో కాలా ఆజారు జ్వరమును నల్లియే మోయుచున్నదని భావించెను. పరిశోధనలు సాగిన పిదప ఆ దోషము నల్లిది కాదని తేలెను. ఇసుక ఈగ అను చిన్న కీటకమే ఆ జ్వరమును వ్యాపింపజేయునని 1942లో స్వామినాథ్, షార్ట్, ఆండర్సన్ అనువారు నిరూపించిరి. నేటికిని నల్లి కాటువలన మనుష్యులకు ఏ రోగమైనను నిత్యజీవితమున సంక్రమించుచున్నట్లు రుజువు కాలేదు.

రోగము మోయకున్నను నల్లి నిరపాయకరమైనది కాదు. కాటు పడిన చోట దద్దురు లేచి దురద పుట్టును. గోకుటచే చర్మము చీలి చీము పట్టవచ్చును. నిద్ర చెడిన పిల్లలు బడిలో కునికిపాట్లు పడుదురు. పెద్దలకు చిరాకును భయమును కలుగును. నల్లులు అత్యధికముగా నున్న యిండ్లలో పసిపిల్లలకు, వృద్ధులకు రక్తహీనత కలుగుటయు కలదు.

కాటు అందరిలోను ఒకే రీతిగా కనబడదు. ఒకే మంచముపై పండుకొన్న ఇరువురిలో ఒకరికి దద్దురులు లేచి, రెండవవారికి ఏమియు తోచకపోవచ్చును. కనుక ‘నన్ను కుట్టలేదు, నల్లులు లేవు’ అని నిశ్చయింపరాదు. వ్రేళ్ల సందులలోను మణికట్టుపైనను దురద రాత్రులందు మిక్కుటమైనచో అది గజ్జి కావచ్చును. దాని చికిత్స వేరు. సందేహము కలిగినచో సమీపమందలి ప్రాథమిక ఆరోగ్యకేంద్రమున చూపించుకొనవలెను. కాటును గోకక, సబ్బునీటితో కడిగి, చల్లని తడిగుడ్డ వేయుట మేలు.

పుదుచ్చేరిలో రోగవాహక కీటకముల నియంత్రణమునకై 1975లో స్థాపింపబడిన పరిశోధనకేంద్రము కలదు. దోమలపై ప్రభుత్వము నిరంతరము పోరాడుచున్నది. నల్లి రోగవాహకము కానందున ఆ పని గృహస్థులపైననే పడుచున్నది.

మరల ఏల వచ్చును?

1. గ్రుడ్లు మిగులుట. చాల మందులు తిరుగాడు నల్లిని చంపునుగాని గ్రుడ్డును చంపలేవు. ఇల్లు వారము దినములు ప్రశాంతముగ నుండును. పిదప గ్రుడ్లు పగిలి క్రొత్తతరము బయలుదేరును.

2. మంచమునే చూచుట. పంచతంత్రములో పేను, నల్లి కథ కలదు. రాజును కుట్టిన నల్లి మంచపు సందులో దూరి తప్పించుకొనెను. పక్కబట్టలో నున్న పేను చిక్కి చచ్చెను. గృహస్థులు చేయు వెదకులాటయు పెక్కుసారులు ఇట్లే యుండును. దుప్పటి దులుపుదురు, మంచపుకోళ్ల బెజ్జములను, గోడబీటలను చూడరు.

3. పొరుగింటినుండి వచ్చుట. గోడలోని బీటలు, తీగలు పోవు రంధ్రములు, దూలములు గోడలో దిగిన చోటులు నల్లులకు బాటలు.

4. సామానుతో వచ్చుట. గ్రుడ్లు పెట్టుటకు సిద్ధముగానున్న ఒక్క ఆడ నల్లి చేరినను ఒక ఇంటిని నింపగలదు. పాత మంచము, పాత కుర్చీ, ప్రయాణపు పెట్టె, వసతిగృహమునుండి వచ్చిన పరుపుచుట్ట దానికి వాహనములు. ఇందులో ధనిక దరిద్ర భేదము లేదు. 2023లో పారిస్ మహానగరమున నల్లుల భయము ప్రబలి, రైళ్లలోను చలనచిత్రశాలలలోను ప్రజలు ఆసనములను పరీక్షించి కూర్చుండిరి. కనుక నల్లి కనబడుట సిగ్గుపడవలసిన విషయము కాదు, దాచిపెట్టుటయే నష్టము.

5. మందునకు లొంగకుండుట. దీనిని వేరుగా వివరింపవలెను.

డి.డి.టి. నేర్పిన పాఠము

డి.డి.టి.కి కీటకములను చంపు శక్తి కలదని పాల్ ముల్లర్ 1939లో కనుగొనెను. అందులకు ఆయనకు 1948లో నోబెల్ బహుమానము లభించెను. భారతదేశమున 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమము, 1958లో నిర్మూలన కార్యక్రమము ఆరంభమై ఇండ్లగోడలపై ఆ మందును చల్లిరి. దోమలకై చల్లిన మందుతో తొలుత నల్లులును చచ్చెను, ప్రజలు సంతోషించిరి. కాని ఆ మందునకు చావని నల్లులు హవాయి దీవులలోని పెర్ల్ హార్బరున 1947 నాటికే కనబడియుండెను. క్రమముగా ఇతరదేశములలోను అట్లే జరిగెను. మందు చల్లిన పిదప నల్లులు చావకపోగా కలవరపడి మరింత తిరుగుట చూచి, కొన్నిచోట్ల ప్రజలు మలేరియా సిబ్బందిని ఇంటిలోనికి రానిచ్చుటకే నిరాకరించిరి.

నేడు అంగళ్లలో దొరకు కీటకనాశనులలో పెక్కు పైరెత్రాయిడ్లు అను వర్గమునకు చెందినవి. వీనిని తట్టుకొను నల్లులును పలుదేశములలో వ్యాపించినవి. మందు పనిచేయలేదని అదే మందును రెట్టింపు చల్లుటచే నల్లులకు కలుగు హానికంటె ఇంటివారికి కలుగు హాని ఎక్కువ. అందుచే మందు సహాయకము మాత్రమే; వెదకుట, వేడి, శ్రద్ధ అను మూడును ప్రధానములు.

మొదటి పని: వెదకుట

టార్చిలైటు, పాత తపాలా కార్డు లేక బద్దపుల్ల, సబ్బునీటి గిన్నె చాలును. చూడవలసిన గుర్తులు నాలుగు: బ్రదికియున్న నల్లులు, తెల్లని గ్రుడ్లు, విడిచిన కుబుసములు, సిరాచుక్కలవంటి నల్లని మచ్చలు. నల్లులు మిక్కుటమైనచో ఒక విధమైన కంపు కూడ తెలియును.

పక్కచుట్టునుండి ఆరంభించి గదియంతయు చూడవలెను. పరుపు కుట్లు, దిండుగలేబులు, నులకముడులు, నవారు మడతలు, మంచపుపట్టెలు కోళ్లలో దిగు బెజ్జములు మొదటివి. చాప అంచులు, బొంతలు, ఉయ్యాలత్రాళ్లు, కుర్చీ అడుగుభాగము, తలుపు కిటికీ చట్రములు, దేవుని పటముల వెనుకభాగము, గోడక్యాలెండరు, పుస్తకముల అట్టలు పిమ్మట చూడవలసినవి. స్విచ్చిబోర్డులను విద్యుత్తు ఆపిన పిదపనే పనివానిచే విప్పింపవలెను. కనబడిన నల్లులను సబ్బునీటిలో పడవేయవలెను.

ఈ పని ముగియకుండ ఇంటివారు వేరుగదికి పడకలు మార్చరాదు. రక్తమును వెదకుచు నల్లులు ఆ గదికిని ప్రాకును. ఒకగదిలోని బెడద రెండుగదుల బెడద యగును.

రెండవ పని: వేడి

ఏ మందునకు లొంగని నల్లియైనను వేడికి లొంగును. ఉష్ణము 50 డిగ్రీలు దాటి కొంతసేపు నిలిచినచో నల్లియు గ్రుడ్డును చచ్చును. పూర్వులు నులకమంచములపై మరుగునీరు పోయుట ఇందులకే. ఆ పద్ధతి నేటికిని ఉత్తమమైనది. మంచమును పెరటిలోనికి తెచ్చి, ప్రతి బెజ్జములోను, ముడిలోను మరుగునీరు ధారగా పోయవలెను. పిల్లలను దూరముగా నుంచవలెను. విద్యుత్పరికరముల దగ్గర నీరు పోయరాదు.

దుప్పట్లను, గలేబులను, బట్టలను వేడినీటిలో అరగంట నానవేసి ఉతికి, ఎండినపిదప కుట్లవెంబడి ఇస్త్రీ చేయవలెను. ఇంటిలో మోసికొనిపోవునపుడు నల్లులు రాలకుండ వానిని మూతికట్టిన సంచిలో వేసికొనవలెను.

ఎండను గూర్చి ఒక మాట. పుదుచ్చేరిలో మేనెల ఎండ తీవ్రమైనదే. అయినను గాలి ఉష్ణము 50 డిగ్రీలకు చేరదు. పరుపు లోపలిభాగమునకు బయటివేడి అందదు. పైభాగము కాగగానే నల్లులు అడుగునకు దిగును. కనుక ఎండలో వేసిన పరుపును గంటకొకసారి తిరుగవేసి, గట్టిగా దులిపి, రాలినవానిని చంపవలెను. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్యఋతుపవనముల వర్షములలో ఎండయే దొరకదు. అప్పుడు మరుగునీరు, ఇస్త్రీపెట్టెయే ఆధారములు. లోపలనుండి నల్లులు పోని పరుపును, జిప్పు గల గట్టితొడుగులో మూసి ఒక సంవత్సరము విప్పకుంచినచో లోపలివి బయటికి రాలేక చచ్చును.

మూడవ పని: దారులు మూయుట

గోడబీటలను, చట్రముల సందులను సున్నముతో లేక సిమెంటుతో పూడ్చవలెను. మంచమును గోడకు జానెడు దూరముగా జరుపవలెను. దుప్పటి అంచులు, దోమతెర అంచులు నేలను తాకరాదు. మంచపుకోళ్ల క్రింద నీటిగిన్నెలు పెట్టుట మంచిదే. కాని ఉష్ణదేశపు నల్లి నున్నని ప్లాస్టిక్ అంచులనుకూడ ఎక్కగలదు గనుక ఆ నీటిలో కొంచెము సబ్బు కలుపవలెను. నీటిని రెండుదినములకొకసారి మార్చి గిన్నెను తోమవలెను. లేనిచో నల్లులకై పెట్టిన గిన్నెలో డెంగ్యూ దోమ పెరుగును.

దినముల లెక్క

మొదటి దినమున పైపనులన్నియు ఒక్కటిగా చేయవలెను. నాటికి పెట్టబడియున్న గ్రుడ్లు మిగిలినను, పది దినములలో పగిలి పిల్లలగును. ఆ పిల్లలు పెద్దవై గ్రుడ్లు పెట్టుటకు మరికొన్ని వారములు పట్టును. ఈ నడిమికాలమే గృహస్థునకు అదను. పదునాలుగవ దినమున మొదటినాటి పనినంతయు మరల చేసినచో పిల్లలు చచ్చును. తప్పించుకొన్నవానికై ఇరువదియెనిమిదవ దినమున మూడవసారి చేయవలెను. నడుమ వారమునకొకసారి టార్చితో చూడవలెను. ఆ పిదప ఎనిమిది వారములు ఏ గుర్తును కనబడకున్నచో ఇల్లు శుద్ధియైనదని భావింపవచ్చును.

కాట్లు తగ్గగానే రెండవసారి మానుట సర్వసాధారణము. నల్లులు తిరిగి వచ్చు యిండ్లలో పెక్కింట జరుగునది ఇదియే. గోడక్యాలెండరుపై ఆ మూడు తేదీలను ముందుగనే గుర్తువేసికొనవలెను.

మందులు వాడునపుడు

నల్లులు ఎక్కువగానున్నచో శిక్షణ పొందిన కీటకనియంత్రణ పనివారిని పిలుచుట మంచిది. వారును రెండువారముల యెడముతో కనీసము రెండుసార్లు రావలెను. ఒక్కసారితో ముగియునను మాట నమ్మరాదు. నల్లులకు ఉద్దేశింపబడినదని చీటీపై ముద్రింపబడిన మందునే, చెప్పిన మోతాదులోనే వాడవలెను. పండుకొను దుప్పటిపైనను, శరీరముపైనను చల్లరాదు. మందు ఆరువరకు పిల్లలు, గర్భిణులు, పెంపుడుజంతువులు గదిలో ఉండరాదు.

ఈ క్రింది పనులు ప్రాణాపాయకరములు:

పొలములో పంటపై చల్లు మందులను ఇంటిలో చల్లుట.

ధాన్యపు గిడ్డంగులలో వాడు అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రలను గదిలో పెట్టుట. గాలిలోని తేమ తగులగానే వానినుండి ఫాస్ఫీన్ అను విషవాయువు వెలువడును. దానికి విరుగుడుమందు లేదు. సందులగుండ పొరుగింటికి ప్రాకి నిద్రించువారిని చంపగలదు. గోడలు కలసిన పేటలలో ఈ ప్రమాదము మరింత హెచ్చు.

కిరసనాయిలు, పెట్రోలు మంచములపై చల్లుట. నల్లులకంటె ముందు ఇల్లు తగులబడవచ్చును.

మందు పీల్చి తలత్రిప్పుట, వాంతి, ఆయాసము కలిగినవారిని వెంటనే బయటిగాలిలోనికి తెచ్చి, మందు డబ్బాతోకూడ ఆసుపత్రికి కొనిపోవలెను.

ఇరుగుపొరుగువారి సహకారము

ఒక ఇంట మందు చల్లగా నల్లులు గోడదాటి పొరుగింటికి పోవుటయు, అచ్చట చల్లగా తిరిగి వచ్చుటయు కలదు. కావున అద్దెయింటిలో నల్లులు కనబడినచో యజమానికిని, ప్రక్కవాటాలవారికిని తెలుపవలెను. ఆనుకొనియున్న ఇండ్లవారందరు ఒకే దినమున వెదకి, ఒకే దినమున పని ఆరంభించినచో శ్రమయు వ్యయమును తగ్గును. తెలిపినవారిని నిందించుట తగదు. నిందకు వెరచి దాచినవాని ఇంటినుండియే నల్లులు వీధియంతయు వ్యాపించును.

మరల రాకుండ జాగ్రత్తలు

ప్రయాణమునుండి వచ్చినవారు పెట్టెను పడకగదిలోనికి కొనిపోక, వరండాలోనే విప్పి, బట్టలను తిన్నగా వేడినీటిలో వేయవలెను. పెట్టె కుట్లను టార్చితో చూడవలెను. బసచేసిన గదిలో పెట్టెను నేలపైగాని మంచముపైగాని ఉంచక, బల్లపై నుంచుట మేలు. పాతసామాను కొన్నచో ఇంట చేర్చకమునుపే పరీక్షించి మరుగునీరు పోయవలెను.

భోగినాడు పాతచాపలను, బొంతలను మంటలో వేయు ఆచారము కలదు. నల్లులు పట్టినవానిని చుట్టి సంచిలో కట్టక ఇల్లంతయు ఈడ్చుకొనిపోయినచో నల్లులు దారిపొడవున రాలును. వానిని వీధిలో విడిచినచో మరియొకరు తీసికొని పోవుదురు. పారవేయదలచిన పరుపును చీల్చి, నల్లులు గలవని వ్రాసి మునిసిపల్ సిబ్బందికి అప్పగించుట ధర్మము.

గుర్తుంచుకొనవలసిన ముఖ్యవిషయములు

నల్లి అపకీర్తి కాదు, దాచవలదు.

మంచము మాత్రమే కాదు, గదియంతయు వెదకవలెను.

మరుగునీరు గ్రుడ్లనుకూడ చంపును. చాల మందులు చంపవు.

ఒకటవ, పదునాలుగవ, ఇరువదియెనిమిదవ దినములు మూడును తప్పరాదు.

పంటమందులు, గిడ్డంగిమాత్రలు ఇంటిలో వాడరాదు.

పొరుగువారు కలసి పనిచేసినచోటనే నల్లికి తావు లేదు.